కదిలితే బొమ్మ చెడిపోతుంది

మా ఎమ్మారై ల్యాబ్ నేలమాళిగలో ఉంటుంది. కిటికీలు లేవు. అయస్కాంతం గదికి ఒకటే తలుపు. ఆ గదికీ మేం కూర్చునే గదికీ మధ్య మందపాటి అద్దం. పైన ఎండ కాస్తోందో వాన పడుతోందో వచ్చినవాళ్ల చెప్పులు చూసి తెలుసుకోవాలి. స్కాన్ జరగనప్పుడు కూడా ఆ యంత్రం ఊరుకోదు. అయస్కాంతాన్ని చల్లబరిచే పంపు కిచ్... కిచ్... అని గూట్లో పిట్టలా అరుస్తూనే ఉంటుంది. కొత్తలో చిరాకేసేది. తర్వాత ఇంటికెళ్లినా చెవుల్లో అదే.

మేం చూసేది మోకాళ్లు. సరిగ్గా చెప్పాలంటే మోకాలి ఎముకల చివర తడిసిన సబ్బుబిళ్లలా తెల్లగా, నున్నగా ఉండే మృదులాస్థి. పెద్దవాళ్లలో దానికి రక్తనాళాలుండవు. ఒక్కటి కూడా. అందుకే చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది, మృదులాస్థి చిరిగితే మాత్రం అంతే సంగతులు. ఇంకా ఎదుగుతున్న పిల్లల్లో, పిల్ల జంతువుల్లో కథ వేరు. ఆ తెల్లటి పొర లోపల సన్నటి రక్తనాళాలు పాకి ఉంటాయి. ఎదిగేకొద్దీ మూసుకుపోతాయి. వేళకు ముందే మూసుకుంటే ఏమవుతుందన్నది మా పరిశోధన. రంగు మందు ఎక్కించనక్కర్లేదు. రక్తంలో ఇనుముంది కదా, ప్రాణవాయువు వదిలేసిన రక్తం అయస్కాంతం దగ్గర కాస్త పెంకెగా ఉంటుంది, బొమ్మలో నల్లదారాల్లా పడుతుంది. ఆ దారాలను వెతికి, ఎర్రరంగు పూసి, పొడవు కొలిచే ప్రోగ్రాం నేనే రాశాను. ఎవరూ అడగలేదు. పరిశోధన నడిపే మా మేడమ్ దగ్గర మనుషులు వారాల తరబడి చేత్తో గీసేదాన్ని అది టీ చల్లారేలోపు గీసిపెట్టేది. ఆ రోజు నుంచి నా పేరు పోయి క్యాలిక్యులేటర్ అయింది.

ఆ పేరు పెట్టింది బాబాయి. నాకు బంధువేం కాదు. స్కానర్ నడిపేది ఆయనే, అందరికీ ఆయన బాబాయే. ఆయనకు తెలిసిన వేదవాక్యం ఒక్కటే: "కదిలితే బొమ్మ చెడిపోతుంది." బొమ్మ మసకగా వచ్చిందంటే లోపలికెళ్లి పట్టీ ఒక గుంజు బిగిస్తాడు. మళ్లీ మసకైతే ఇంకో గుంజు. మా పని మొత్తం ఆ పట్టీల మీదే నడిచేది.

ఆ రోజు సెలవు. అయినా వచ్చాం, ఎందుకంటే పశువుల డాక్టర్ పొద్దున్నే ఐసుపెట్టెలో ఒక గుర్రప్పిల్ల కాలు తెచ్చిచ్చాడు.

"వెనక కాలు," అన్నాడు. "అందరూ ముందుకాలి మడతను మోకాలనుకుంటారు. అది మణికట్టు. అసలు మోకాలు ఇదిగో, ఇక్కడ, పొట్ట పక్కన."

"పుట్టి ఎన్నాళ్లైంది సార్?" అని అడిగాను.

"ఆరు నెలలు కూడా నిండలేదమ్మా," అని, చేతికున్న కట్టు సర్దుకుంటూ వెళ్లిపోయాడు.

మోకాలికి తొడిగే ప్లాస్టిక్ గొట్టాన్ని మేం కాయిల్ అంటాం. గుర్రప్పిల్ల మోకాలు అందులో చక్కగా అమరింది. బొమ్మలు అద్భుతంగా వచ్చాయి. చచ్చిన కాలు కదలదు కదా. మృదులాస్థిలో నాళం ఒకటి లోపలికొచ్చి అయిదు కొమ్మలుగా చీలింది. నాలుగు కొమ్మలు బాగున్నాయి. అయిదోది మొదట్లోనే తెగిపోయింది. అది అందాల్సిన మూల అంతా చచ్చి, బూడిదరంగుకు తిరిగి ఉంది. సరిగ్గా మేం వెతుకుతున్న జబ్బు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

మధ్యాహ్నం అక్క వచ్చింది.

అక్కది కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం. మూడు నెలల కింద జారి పడింది. కుడి మోకాలిలో మృదులాస్థి చిరిగిందని ఎముకల డాక్టర్ తేల్చేశాడు. వచ్చే వారం ఆఫీసులో దేహదారుఢ్య పరీక్ష. స్తంభం ఎక్కి దిగి చూపించాలి. ఎక్కలేకపోతే ఇంటికే. అక్కకు ఆ ఉద్యోగమంటే ప్రాణం. ఎంత చిరిగిందో, ఏమైనా మిగిలిందో తన కళ్లతో చూడాలని పట్టుబట్టింది.

"ఏమే లెక్కలమారీ, ఇదేనా నీ రాజ్యం? శవాల గదిలా ఉంది," అంది కుంటుకుంటూ వచ్చి.

"నోరు మంచిదైతే ఊరు మంచిది. బూట్లిప్పు."

బాబాయి ప్రశ్నలు మొదలుపెట్టాడు. "కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా తల్లీ? ఒంట్లో మేకులు, స్క్రూలు?"

"బుర్రలో ఒకటి లూజుగా ఉందని మా అమ్మంటుంది."

"అది ఇనుముది కాదులే, భయం లేదు."

ఒక నమూనా తర్వాత మనిషిని పడుకోబెట్టే ముందు, కాయిల్‌లో నీళ్ల సీసా పెట్టి ఒక ఖాళీ స్కాన్ చేయడం మా ల్యాబ్ ఆనవాయితీ. సిగ్నల్ సరిగా ఉందో లేదో చూసుకోవడానికి. బాబాయి మాత్రం "ముందు చూసింది యంత్రం మర్చిపోవాలి కదమ్మా, మధ్యలో నీళ్లు చూపించాలి" అని నవ్వేవాడు. ఆ రోజు వద్దన్నాను. పొద్దున సిగ్నల్ బంగారంలా ఉంది, అరగంట కలిసొస్తుంది. ఆయన భుజాలెగరేశాడు.

అక్క బల్లమీద పడుకుంది. కాళ్లు ముందుగా యంత్రం గొట్టంలోకి, తల బయటికి. మోకాలు కాయిల్‌లో. తొడమీద ఒక పట్టీ, పిక్కమీద ఒకటి, నడుముకు ఒకటి. వేలికి నాడి చూసే క్లిప్పు, చేతిలో గాలిబుడ్డి. ఏమైనా ఇబ్బందైతే నొక్కాలి.

మొదటి బొమ్మ మసక.

"అక్కా, కదలకు," అన్నాను మైకులో.

"కదల్లేదే."

బాబాయి లోపలికెళ్లి పట్టీలు బిగించి వచ్చాడు. రెండోది ఇంకా మసక. ముఖం చిట్లించి మళ్లీ వెళ్లాడు. ఈసారి చర్మం తెల్లబడేలా బిగించాడు.

మూడో బొమ్మ తేటగా వచ్చింది.

అక్క మృదులాస్థిలో నల్లదారాలు.

నా గుండె ఝల్లుమంది. భయంతో కాదు, సంతోషంతో. నాళాలు! అంటే రక్తం అందుతోంది. అంటే మానుతుంది. ఏ పెద్దవాళ్ల మోకాలిలోనూ లేనిది మా అక్కకు మొలిచింది. వచ్చే వారం కాకపోతే వచ్చే నెలైనా స్తంభం ఎక్కుతుంది. ప్రోగ్రాం ఎర్రరంగు పూస్తుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఒక నాళం. లోపలికొచ్చి అయిదు కొమ్మలు. నాలుగు బాగున్నాయి. అయిదోది... మొదట్లోనే తెగింది.

"ఇది పొద్దున్నది కదమ్మా," అన్నాడు బాబాయి భుజం మీదుగా చూసి. "పాత ఫైలు తెరిచావు."

నాకూ అలాగే అనిపించింది. ఫైళ్లన్నీ మూసి, ప్రోగ్రాం ఆపి, మొదటినుంచి నడిపాను. ఎముకలు అక్కవే. మూడు నెలల నాటి చిరుగు అక్కడే ఉంది. దాని మీదుగా అవే కొమ్మలు. పొద్దుటి బొమ్మను దీనిమీద పరిచాను. కొమ్మకు కొమ్మ, వంపుకు వంపు కూర్చుంది. రెండు వేర్వేరు మోకాళ్లలో నాళాలు ఇలా కలిసే అవకాశం ఎంతో లెక్కవేయబోయి ఆపేశాను. అంత చిన్న అంకెకు పేరు కూడా ఉండదు.

ఇంకొకటి చూద్దామనుకున్నాను. రక్తం పారుతుంటే దాని ఉరవడి కొలిచే స్కాన్ ఒకటుంది. అది పెట్టాను. తెరమీద రెండు గీతలు. పైది అక్క వేలి నాడి, నిమిషానికి డెబ్బై. కిందిది మోకాలి నాళంలో రక్తం కొట్టుకునే వేగం.

నూట పది.

ఒక ఒంట్లో ఒకటే గుండె ఉంటుంది. ఆ గీతలు రెండూ ఒక్కచోట కూడా కలవలేదు.

"బాబాయ్..."

"చూస్తున్నా," అన్నాడు.

మైకులో అక్క గుసగుస. "ఏమే... ఎవరో నా కాలు మీద కూర్చున్నట్టుంది. బరువుగా ఉంది. దించమను."

అద్దంలోంచి చూశాను. ఎవరూ లేరు. పశువుల డాక్టర్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"సార్, పొద్దుటి గుర్రప్పిల్ల... ఎలా పోయింది?"

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"చెప్పండి సార్."

"మోకాలు లోపల పాడైపోయింది. నయం కాదు. సూదిమందు ఇచ్చేద్దామన్నారు. పడుకోబెట్టాం. పడుకోబెట్టగానే పిచ్చెత్తినట్టు తన్నింది. నలుగురు మీద కూర్చున్నారు. సూది విరిగింది. ఒకడి దవడ పగిలింది. లేచి నిలబడింది... నిలబడగానే గొర్రెపిల్లలా చేతులు నాకింది. మళ్లీ పడగొట్టాం, తాళ్లతో కట్టాం. ఎంత బిగిస్తే అంత తన్నింది. కాలు మూడుచోట్ల విరిగింది, విరిగిన కాలితోనే తన్నింది. అది నా చేతిలో చావలేదమ్మా. గుండె ఆగాక కూడా ఆ ఒక్క కాలు..."

గాలిబుడ్డి అలారం మోగింది.

అక్క కేకపెట్టింది. ఆ వెంటనే గొట్టం లోపల్నుంచి చప్పుడు.

ఢాం.

గోడ మీద సుత్తి పడ్డట్టు. యంత్రం మొత్తం కదిలింది. కొన్ని టన్నుల యంత్రం.

ఢాం. ఢాం.

స్కాన్ ఆపేశాను. బాబాయి లేచాడు. అంత కంగారులోనూ తాళాలూ వాచీ తీసి బల్లమీద పెట్టాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు. ఇద్దరం లోపలికి పరిగెత్తాం. గది నిండా వాసన... రక్తం, ఎండుగడ్డి, వేడి చెమట. బాబాయి బల్లను బయటికి లాగాడు.

కాయిల్ పగిలి ఉంది. పగిలిన అంచుల్లోంచి అక్క కాలు కొట్టుకుంటోంది. పైకి, కిందికి, పక్కకు. మనిషి మోకాలు అలా వంగదు. మడమ చీలిపోయింది. చర్మం వేలాడుతోంది, లోపల తెల్లగా ఎముక. ప్రతి తన్నుకూ గొట్టం అంచు మీద ఎర్రటి చార పడుతోంది.

"నేను కాదే..." అక్క పళ్లు కటకటలాడుతున్నాయి. "నేను తన్నట్లేదే... ఆపవే... విరిచేస్తోంది..."

"బిగించు అమ్మడూ!" అరిచాడు బాబాయి. "పట్టీ బిగించు! నేను పట్టుకుంటా!"

ఆయన కాలిమీద బోర్లా పడ్డాడు. నేను తొడ పట్టీ రెండు చేతులా గుంజాను. మాకు తెలిసింది అదే. కదిలితే బిగించాలి.

కాలు ఒక్క క్షణం ఆగింది.

వణికింది.

పట్టీ ఫట్టున తెగింది. మడమ బాబాయి గడ్డం కింద తగిలింది. తడి కర్ర విరిగినట్టు చప్పుడు. ఆయన తల వెనక్కి వాలి, ఒళ్లు గాల్లోకి లేచి, అద్దానికి కొట్టుకుని, కిందకు జారింది. దవడ ఒక పక్కకు వేలాడుతోంది. పళ్లు నేలమీద చిన్నచిన్న చప్పుళ్లతో దొర్లాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. లేవడానికి ప్రయత్నించాడు. చేతులు జారాయి... రక్తంలో.

కాలు ఇప్పుడు అక్కనే తన్నుతోంది. పక్కకు తిరిగి రెండో కాలి పిక్కను. ఎముక పగలడం విన్నాను. అక్క అరుపు మధ్యలో తెగిపోయింది, నోరు తెరుచుకునే ఉంది, శబ్దం లేదు.

పక్క గదిలో ఫోను ఇంకా మాట్లాడుతోంది. తెరిచిన తలుపులోంచి డాక్టర్ గొంతు సన్నగా. "అమ్మా... అమ్మా, ఏమైంది? ఎవర్నైనా పడుకోబెట్టారా? కట్టారా?"

అప్పుడర్థమైంది.

పిక్క పట్టీ ఊడబెరికాను. నడుము పట్టీ. కాయిల్ ముక్కలు. కాలు నా చెవి పక్కనుంచి వెళ్లింది, గాలి కొట్టింది. అక్క చంకల కింద చేతులు పెట్టి ఒక్క ఊపున లేవదీశాను. "నిలబడు! అక్కా, నిలబడు... నిలబడనీ దాన్ని!"

చీలిన మడమ నేల తాకింది.

ఆగిపోయింది.

అంతా నిశ్శబ్దం. కిచ్... కిచ్... పంపు ఒక్కటే. అక్క బరువంతా ఆ విరిగిన పాదం మీద మోపి, ఒళ్లంతా వణుకుతూ, నా మెడలో ముఖం దాచుకుంది. కాలు మాత్రం వణకలేదు. రాతిస్తంభంలా నిలబడింది.

*

బాబాయిని ఐసీయూలో పెట్టారు. దవడ మూడు ముక్కలు, మెడలో ఎముక చిట్లింది. స్పృహ రాలేదు. యంత్రం ప్రమాదమని రాసుకున్నారు.

అక్కను మంచమ్మీద పడుకోబెట్టడం ఎవరివల్లా కాలేదు. వీపు పరుపుకు ఆనగానే కాలు మొదలెట్టేది. ఇద్దరు నర్సులకు చేతులు విరిగాక వదిలేశారు. నిలబెట్టే కట్టు కట్టారు, నిలబెట్టే సూది వేశారు. అమ్మ వచ్చి పక్కన నిలబడింది. తెల్లారి చూద్దును కదా, అక్క గోడకు కూడా ఆనకుండా, నిలబడే నిద్రపోతోంది. పిక్క ఎముక ముక్కలైన ఎడమ కాలిని మునివేళ్ల మీద తేలికగా ఆనించి ఉంచింది. బరువంతా కుడికాలి మీదే. మెల్లగా మోకాలు తాకి చూశాను. మోకాలిచిప్ప పైకి జరిగి, ఎముక మీద కొక్కెంలా పడి బిగుసుకుంది. గుర్రాలు అలా మోకాలికి గడియ పెట్టుకుని నిలబడి నిద్రపోతాయని చదివాను. మనుషుల మోకాలికి ఆ గడియ లేదు.

"ముట్టుకోకే," గుసగుసలాడింది అమ్మ. "ఇప్పుడే నిద్రపోయింది."

మడమ నల్లబడుతోందని, ఈ పూట కొయ్యకపోతే పాదం, రేపటికి కాలు, ఆ తర్వాత మనిషే దక్కదని సర్జన్ చెప్పాడు. లావుపాటి మనిషి, మంచి హస్తవాసి ఉన్నవాడని పేరు.

"పడుకోబెట్టకండి సార్," అన్నాను. "నిలబెట్టే చేయండి. కట్టొద్దు. మీరెంత కడితే..."

"నిలబెట్టి చేయడానికి ఇదేం జుట్టు కత్తిరింపా?" అని నవ్వాడు. "వెన్నులో సూది వేస్తే నడుం కింద చచ్చుబడిపోతుంది తల్లీ. ఆ కాలు తన మాట తనే వినదు."

"ఆ కాలు ఇప్పటికే మా అక్క మాట వినడం లేదండీ."

ఆయన నా భుజం తట్టి వెళ్లిపోయాడు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టినా కాలు తన్నబోయిందని, అక్కను ఆసరా ఇచ్చి నడిపించే తీసుకెళ్లారు. తలుపు దగ్గర వెనక్కి తిరిగి నావైపు చూసింది.

"స్తంభం ఎక్కుతానంటావా?" అంది.

"పరిగెత్తుకుంటూ ఎక్కుతావు," అన్నాను.

తలుపు మూసుకుంది.

అమ్మా నేనూ బయట బల్లమీద కూర్చున్నాం. మధ్యాహ్నపు ఎండ వరండాలో పలకలు పలకలుగా పడి ఉంది. ఎవరో ఫోన్‌లో బేరమాడుతూ వెళ్లారు. లోపల మాటలు మామూలుగా వినిపించాయి. నవ్వు. నీళ్ల చప్పుడు. తర్వాత సర్జన్ గొంతు, విసుగ్గా: "చచ్చుబడింది కదా, ఇంకా ఎందుకు వణుకుతోంది? కట్టండి. గట్టిగా."

"వద్దు!" అని లేచాను.

లోపల ఇనుప పళ్లెం గోడకు కొట్టుకుంది. ఒక కేక. మగగొంతు. ఇంకొకటి. ఏదో బరువైనది తలుపుకొచ్చి తగిలింది, తలుపు మధ్యలో ఉబ్బింది, కింద సందులోంచి ఎర్రగా పాకుతూ వచ్చింది. గాజు పగిలింది. మళ్లీ ఆ తడి కర్ర చప్పుడు. మళ్లీ. మళ్లీ...

ఆగింది.

తలుపు తీయబోయాను. అటువైపు ఎవరో అడ్డంగా పడి ఉన్నారు, కదల్లేదు. సందుకు చెవి ఆనించాను. నేలమీంచి సర్జన్ గొంతు, దవడ లేనివాడిలా ముద్దముద్దగా:

"పట్టుకోకండి... ఎవరూ... పట్టుకోకండి..."

తర్వాత అడుగులు. నెమ్మదిగా. తడినేల మీద.

లెక్కపెట్టకుండా ఉండలేను, నా బుద్ధే అంత. రెండు కాళ్ల మనిషి నడిస్తే ఒకటి, రెండు, ఒకటి, రెండు. ఇది అలా లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కాస్త ఆగి మళ్లీ ఒకటి, రెండు, మూడు, నాలుగు.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అక్కేనా అమ్మా?" అన్నాను.

"దాని నడక నాకు తెలీదటే," అంది అమ్మ, పెదవులు కదిలీ కదలకుండా. "ఇది కాదు."

అడుగులు తలుపుకు అటువైపు ఆగాయి. కింద సందులోంచి వెచ్చటి ఊపిరి నా పాదాలకు తగిలింది. అది పాదాల దగ్గర్నుంచి తలుపు సందు వెంట మెల్లగా పైకి లేచింది... నా మోకాళ్లు, నా ఛాతీ, నా ముఖం... అక్కడా ఆగలేదు. ఇంకా పైకి పోయి, తలుపు పైచట్రం దగ్గర, మనిషి తల అందనంత ఎత్తులో నిలిచి, ఒకసారి గుర్రంలా బుర్రుమంది.